పదిహేడో ఇంటి బియ్యం

ముప్పై ఏళ్ళకు పైగా ఒక తప్పు మోస్తున్నాను. భర్తకు చెప్పలేదు, పిల్లలకు చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు అక్కర్లేదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మాది మల్లాపూర్ వైపు భూములున్న కుటుంబం. సోషియాలజీలో పీహెచ్‌డీ కోసం మేడిపల్లి దగ్గర ఒక ఊరు ఎంచుకున్నాను. కూలీల ఇళ్ళలో పని ఎంత, తిండి ఎంత, ఇదీ నా అంశం. నక్సలైట్ల దళాలు తిరుగుతున్న రోజులవి. ఆడపిల్లవు, వద్దన్నారు ఇంట్లో. వినలేదు. ఇళ్ళకు పేర్లు రాయకుండా నంబర్లు వేశాను. ఎవరి పేరూ బయటికి రాదని ప్రతి గడపలో మాటిచ్చాను.

పదిహేడో ఇల్లు రాజవ్వది. బీడీలు చుట్టేది. భర్త మల్లయ్య కూలికి పోయేవాడు. ఇద్దరే మనుషులు. వారం రోజులు ఆమె పొయ్యి పక్కన కూర్చుని, ఎసట్లో పోసే ముందు బియ్యం కొలిచి రాసుకున్నాను. ఆమె నా దగ్గర ఏదీ దాచలేదు. నాకూ ఆ అన్నమే పెట్టింది.

కోరుట్లలో బస్సు ఆపి తనిఖీ చేసినప్పుడు నా సంచిలో కాగితాలు దొరికాయి. స్టేషన్‌కు తీసుకెళ్ళారు. ఎవరూ నన్ను గద్దించలేదు. మా నాన్న పేరు వినగానే కుర్చీ వేశారు, చాయ్ తెప్పించారు. భయపడి చెప్పానంటే మీరు కొంతైనా జాలిపడేవారేమో, నాకు ఆ అవకాశం కూడా లేదు. ఇన్‌స్పెక్టర్ నా పట్టికల్లో ఒక్కో అంకె మీద వేలు పెట్టి చదివాడు. మా గైడ్ ఎన్నడూ అంత శ్రద్ధగా చూడలేదు. సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు సంతోషమేసింది.

"గీ పదిహేడుల ఇద్దరే మనుషులు. పూటకు రెండు సేర్ల బియ్యమా? ఏడనో తప్పు రాసినవమ్మా."

"తప్పు లేదు సార్. నేను దగ్గరుండి కొలిచిన."

"గంత వండే ఇల్లు ఎవలది?"

"బీడీల రాజవ్వది."

అతను ఏమీ రాసుకోలేదు. చాయ్ చల్లారుతోంది, తాగమన్నాడు.

తెలియక అన్నానా? ఏళ్ళ తరబడి నాకు నేను అదే చెప్పుకున్నాను. అబద్ధం. ఆ అన్నం ఎవరి కోసం వండుతోందో ఊళ్ళో అందరిలాగే నాకూ తెలుసు. రాజవ్వ పేరు సగం పలికేసరికే ఏం చేస్తున్నానో అర్థమైంది. మిగతా సగం కూడా పలికాను. నా లెక్క తప్పని ఒక పోలీసు అనుకోవడం నాకు ఆ ఇద్దరి ప్రాణాల కంటే పెద్ద విషయమైందా? అయింది. ఇంకో జవాబు కోసం చాలా వెతికాను, దొరకలేదు.

మూడో రోజు మల్లయ్యను పట్టుకుపోయారు. మళ్ళీ ఇంటికి రాలేదు. నేను హైదరాబాద్ వెళ్ళి థీసిస్ పూర్తి చేశాను. కుటుంబాల వివరాలు గోప్యంగా ఉంచామని మొదటి అధ్యాయంలో రాశాను. అంత పట్టుబట్టి నిజమన్న ఆ లెక్కను మాత్రం పట్టికలోంచి తీసేశాను. డాక్టరేట్ వచ్చింది. ఇంట్లో మిఠాయిలు పంచారు.

ఈమధ్య సిరిసిల్లలో రాజవ్వ కనబడింది. మరమగ్గాల షెడ్డు పక్కన ఒక గదిలో ఉంటోంది. నన్ను గుర్తుపట్టి మంచం మీద కూర్చోబెట్టింది. తన తోటికోడలి గురించి చెప్పింది.

"మా యారాలు లచ్చవ్వనే పోలీసులకు చెప్పింది బిడ్డా. గోడ పంచాతిల కచ్చ పెట్టుకున్నది. గప్పటిసంది దాని మొఖం సూడలే. పోయినేడు సచ్చిపోయింది. ఆఖరి సూపుకు గూడ పోలే."

నేను ఊ కొట్టాను. ఆమె ఇంకా ఏదో చెబుతూనే ఉంది, నేను ఊ కొడుతూనే ఉన్నాను. అప్పుడైనా నోరు తెరవడానికి ఏం అడ్డమొచ్చింది? అక్కడ పోలీసులు లేరు, థీసిస్ లేదు. ఉన్నది నన్ను బిడ్డా అని పిలుస్తున్న మనిషి ఒక్కతే.

ఆమెకు చదువు రాదు. ఈ కాగితం ఆమెకు చేరదని తెలిసే రాస్తున్నాను, అది కూడా ఒప్పుకోవాలి. కానీ మీరైనా తెలుసుకోండి. లచ్చవ్వ ఎవరికీ ఏమీ చెప్పలేదు. చెప్పింది నేను.

ఇది రాశాక ఊపిరి కాస్త ఆడుతోంది. దానికీ సిగ్గుగానే ఉంది.