ఐలిఫ్ గారికి దిగ్భ్రాంతి కలిగింది

ఐలిఫ్ స్కార్పనెస్ గారికి ఉన్నది ఒకటే జబ్బు, దిగ్భ్రాంతి. కొందరికి మాట్లాడబోయే ముందు గొంతు సవరించుకునే అలవాటు ఉంటుంది. ఆయనకు దిగ్భ్రాంతి చెందే అలవాటు. ఓస్లో పార్లమెంటులో ఏళ్ళ తరబడి ప్రతిపక్షంలోనే కూర్చున్న ఆ పెద్దమనిషి "అధ్యక్షా! నేను దిగ్భ్రాంతికి లోనయ్యాను!" అనకుండా ప్రసంగం మొదలుపెట్టిన పాపాన పోలేదు. ఆయన కుర్చీ కిర్రుమంటే చాలు, సభలో మాటలు రాసుకునేవాళ్ళు ఆ వాక్యం ముందే రాసేసి, మిగతాదాని కోసం ఎదురుచూసేవాళ్ళు.

ఆ సభలో పార్టీల వారీగా కాక జిల్లాల వారీగా కూర్చోబెడతారు. ఆ పుణ్యమా అని, నార్‌లాండ్ నుంచి అధికారపక్షం తరఫున కొత్తగా గెలిచిన గున్‌వర్ మొల్నెస్‌కు అదే జిల్లావాడైన ఐలిఫ్ గారి పక్క కుర్చీ దక్కింది. బడ్జెట్ రోజున ఆర్థిక మంత్రి లేచి కళ్ళజోడు పెట్టుకున్నాడో లేదో, ఆమె చెవి పక్కన "దారుణం!" అని ఒక కేక పేలింది. ఆమె చేతిలోని పెన్ను ఎగిరి ముందు వరసలో ఎవరి జుట్టులోనో దిగింది.

"ఆయన ఇంకా ఏమీ చదవలేదు కదండీ!" అంది గున్‌వర్, గుండె పట్టుకుని.

"చదవబోతున్నాడుగా అమ్మాయ్! ఆ మొహం చూడు. పన్ను వేసే మొహమే అది."

సముద్రపు ఒడ్డున లైట్‌హౌస్‌లకు రంగులు వేయించడం లేదని ఐలిఫ్ గారు రెండు బడ్జెట్ల పాటు మండిపడ్డారు. మూడోసారి మంత్రికి విసుగొచ్చి, "సరే, ఇస్తున్నాం, కూర్చోండి" అన్నాడు. సభంతా చప్పట్లు కొట్టింది. ఐలిఫ్ గారు కూర్చోలేదు. "అడగ్గానే ఇచ్చేస్తారా? ప్రజల సొమ్మంటే అంత లోకువా? అధ్యక్షా, నేను..." అని అందుకున్నారు. మిగతాది సభ్యులందరూ ముక్తకంఠంతో పూర్తిచేశారు.

క్యాంటీన్‌లోనూ ఇదే వరస. వాఫిల్ అట్టు మీద వేసిన చీజ్ ముక్కను ఫోర్కుతో పైకెత్తి, "గున్‌వర్, ఇటు చూడు, ఇందులోంచి కిటికీ అవతల ట్రామ్ నంబరు చదవొచ్చు!" అనేవారు. ఆ దిగ్భ్రాంతిలోనే ఇంకో రెండు వాఫిళ్ళు లాగించేవారు.

"ఇంట్లో ఎలా భరిస్తారండీ?" అని గున్‌వర్ ఒకసారి ఆయన భార్య బోర్గిల్డ్‌ను అడిగింది.

"పెళ్ళినాడే అలవాటైపోయిందమ్మా. 'ఈమెను స్వీకరిస్తావా' అని పాస్టరు గారు అడిగితే, 'ఊరందరినీ పిలిచింది మరి దేనికనుకున్నారు?' అని విస్తుపోయాడు. పాపం ఆయన దాన్నే అవునని లెక్కేసుకున్నారు."

ఇన్ని దిగ్భ్రాంతుల వెనకా ఐలిఫ్ గారికి ఒకే ఒక కోరిక ఉండేది. చచ్చేలోగా ఒక్క బడ్జెట్‌నైనా పడగొట్టాలి. ఆ ఏడు ఆ కోరిక తీరేలాగే కనిపించింది. ప్రభుత్వం ఒకే ఒక్క ఓటు మీద నిలబడి ఉంది. ఆ ఓటు జారితే రెండు పక్షాలూ సమానమవుతాయి, అప్పుడు సభాధ్యక్షుడి ఓటే తేలుస్తుంది. అధ్యక్షుడు ఐలిఫ్ గారి పార్టీ మనిషి.

ఓటింగు రోజు పొద్దున, చర్చ జరుగుతుండగా, గున్‌వర్‌కు నార్‌లాండ్‌లోని బోడో ఆసుపత్రి నుంచి కూతురి ఫోను వచ్చింది.

"అమ్మా, నొప్పులు మొదలయ్యాయే! ఇంకా మూడు వారాలుందన్నారు కదా! మా ఆయనేమో చేపల పడవ మీద ఎక్కడో సముద్రంలో ఉన్నాడు. నాకు భయంగా ఉంది. వచ్చేయమ్మా."

ఉత్తరాన మంచు తుఫాను కమ్ముకొస్తోంది. మధ్యాహ్నం విమానం దాటిపోతే మళ్ళీ రేపే. ఓటింగేమో ఆ విమానం వెళ్ళిపోయాక. తమ పార్టీ నాయకుడి దగ్గరికి పరుగెత్తితే ఆయన, "ఓటు వేసి ఎగురుకుంటూ వెళ్ళు తల్లీ. నువ్వు ఇప్పుడు కదిలితే ప్రభుత్వమే కదిలిపోతుంది" అన్నాడు.

అక్కడ ఒక ఆనవాయితీ ఉంది. ఒక పక్షంలో ఎవరైనా రాలేకపోతే, అవతలి పక్షంలో ఒకరు ఓటు మానుకుని బయట ఉంటారు, లెక్క సమానంగా ఉంటుంది. ఆ ఏర్పాట్లు చూసే ప్రతిపక్షపు ట్రూల్స్ దగ్గరికి గున్‌వర్ వెళ్ళింది.

"పేరు నిన్ననే ఇవ్వాలి మేడమ్" అన్నాడు ట్రూల్స్.

"నిన్న నొప్పులు లేవండీ!"

"నేనేం చేసేది? నిబంధన నిబంధనే."

మనుషులు ఇంత చల్లగా కూడా మాట్లాడగలరా అనుకుంటూ గున్‌వర్ వచ్చి తన కుర్చీలో కూలబడింది.

"ఏమైంది అమ్మాయ్? మొహం అలా పాలిపోయిందేం?" అన్నారు ఐలిఫ్ గారు. ఆమె చెప్పింది. ఆయన గడ్డం గోక్కున్నారు.

"అంటే, నువ్వు వెళ్ళిపోతే మేం గెలుస్తామన్నమాట."

"సంతోషించండి!" అని కసురుకుని గున్‌వర్ మొహం తిప్పేసుకుంది. ఇన్నాళ్ళూ ఈ మనిషి పక్కన కూర్చుని నవ్వుకున్నందుకు ఆమెకు తన మీదే ఒళ్ళు మండింది.

అప్పుడు ఆర్థిక మంత్రి, కస్టమ్స్ కార్యాలయాల్లో విరిగిన కుర్చీల మరమ్మతు గురించి చెబుతున్నాడు. ఐలిఫ్ గారు దిగ్గున లేచారు.

"అధ్యక్షా!"

రాసుకునేవాళ్ళు మామూలు వాక్యం రాసేశారు. కానీ ఆ వాక్యం రాలేదు. ఐలిఫ్ గారు ఛాతీ మీద చెయ్యి వేసుకుని, తడబడి, కుర్చీలో కూర్చుండిపోయారు. మంత్రి తాగబోతున్న నీళ్ళగ్లాసు పట్టుకుని తనే పరుగెత్తుకొచ్చాడు.

"కుర్చీలకు... అంత డబ్బా..." అని మూలిగారు ఐలిఫ్ గారు. "ఈసారి దిగ్భ్రాంతి మోకాళ్ళలోకి దిగిపోయింది. నన్ను ఆసుపత్రికి తీసుకెళ్ళండి."

ట్రూల్స్ మొహంలో నెత్తురుచుక్క లేదు. "ఐలిఫ్ గారూ, కాస్త ఓపిక పట్టండి! ఓటు మీట నొక్కేసి పడిపోండి!"

"దిగ్భ్రాంతి చెప్పి వస్తుందా నాయనా? ఎవరూ ముట్టుకోకండి. మా జిల్లా ఆడబిడ్డ ఉంది, తను తీసుకెళ్తుంది."

గున్‌వర్‌కు ఏడుపు ఒక్కటే తక్కువ. అక్కడ కూతురు, ఇక్కడ ఈయన! పడిపోయిన మనిషిని వదిలేసి విమానం ఎక్కడం ఎలా? ఆయన బరువంతా భుజాన వేసుకుని మెట్లు దింపింది. వెనక సభ్యులు లేచి నిలబడి దారి ఇచ్చారు. సెక్యూరిటీ వాళ్ళు ట్యాక్సీ పిలిచారు.

"ఏ ఆసుపత్రికండీ?" అన్నాడు డ్రైవరు.

"విమానాశ్రయానికి పోనివ్వు. త్వరగా!" అంటూ ఐలిఫ్ గారు నిటారుగా కూర్చుని టై సర్దుకున్నారు.

గున్‌వర్ గిరుక్కున ఆయన వైపు తిరిగింది. "మీకు... మీకేం కాలేదా?" అంది.

"రాయిలా ఉన్నాను. నీ ఓటూ లేదు, నా ఓటూ లేదు. లెక్క సరిపోయింది."

"మరి బడ్జెట్? ఇన్నేళ్ళుగా మీరు..."

"బడ్జెట్‌దేముంది, ఏటా వస్తుంది. ఎవరొచ్చినా దాన్ని దరిద్రంగానే రాస్తారు, ఆ నమ్మకం నాకుంది. పురిటి నొప్పులు పడుతున్న పిల్ల రమ్మంటే తల్లిని కట్టేసి కూర్చోబెట్టి గెలవమంటావా? ఏం మనుషుల్లా కనిపిస్తున్నాం నీకు?"

గున్‌వర్ ఆయన చెయ్యి పట్టుకుని ఏడుస్తూ నవ్వింది, నవ్వుతూ ఏడ్చింది. ఆయన మాత్రం ఆ దారంతా ట్యాక్సీ మీటరు చూసి గుడ్లు వెళ్ళబెడుతూనే ఉన్నారు.

బడ్జెట్ ఆ ఒక్క ఓటుతోనే గట్టెక్కింది. ట్రూల్స్ కోపంతో ఎవరితోనూ మాట్లాడలేదట. సాయంత్రం గున్‌వర్ ఆసుపత్రి వరండాలోంచి ఐలిఫ్ గారికి ఫోను చేసింది.

"సమయానికి వచ్చానండీ. మనవరాలు. మూడు వారాలు ముందొచ్చినా బొద్దుగా ఉంది. తల్లీబిడ్డా క్షేమం."

గున్‌వర్ అలవాటుగా ఫోను చెవికి దూరంగా పట్టుకుంది. కేక రాలేదు.

"ఐలిఫ్ గారూ, వింటున్నారా?"

"వింటున్నానమ్మా" అన్నారు ఆయన మెల్లగా. "చాలా బాగుంది. ఇందులో నాకు అభ్యంతరమేమీ లేదు."

దిగ్భ్రాంతి చెందడం ఈసారి గున్‌వర్ వంతయింది.