మేకుల మావయ్య మెయిలు

కుర్చీల ఫ్యాక్టరీలో కంప్యూటర్లు చూసుకునే ఆవిడకి చెయ్యీ ఊరుకోదు, నోరూ ఊరుకోదు. సర్వరు మొరాయిస్తే దానికి కూడా నాలుగు చీవాట్లు పెట్టి మరీ బాగుచేస్తుంది. ఆమెను అక్కడ పనిలో చేర్చింది సొంత మేనమామ. స్టోర్సు గదికి ఆయనే రాజు. మేకులూ మరలూ ఆయన చేతిమీదుగానే బయటికి వెళ్లాలి కాబట్టి ఫ్యాక్టరీ అంతటికీ ఆయన మేకుల మావయ్య. ఫోనులో అడిగితే కసురుకుంటాడని, ఏం కావాలన్నా అందరూ మెయిలే రాస్తారు.

ఆ మెయిలు చూసుకోవడానికి సర్వరులో రెండు దారులుండేవి. తాళం ఉన్న దారిలో పాస్‌వర్డూ ఉత్తరమూ ఎవరికీ అర్థంకాని గజిబిజి రాతగా మారి వెళ్తాయి. రెండోది బార్లా తెరిచిన దారి. మధ్యలో ఎవరు తొంగిచూసినా అంతా చదివేయొచ్చు. పాస్‌వర్డులు అలా వీధిన పడి తిరగడం ఆమెకి కంటగింపు. ఒక సోమవారం పొద్దున్నే, తెరిచిన దారిలో వచ్చినవాళ్లందరినీ తాళం దారికి మళ్లించమని వెబ్ సర్వరుకి రెండు వరసలు రాసి పడేసింది. "ఇకనుంచి చిరునామా పక్కన తాళం బొమ్మ కనబడాలి, కనబడకపోతే నాకు చెప్పండి" అని అందరికీ తెలియజేసింది కూడా. అదీ మెయిలులోనే. తన తెలివికి తనే మురిసిపోయింది.

బుధవారం భోజనాల దగ్గర మావయ్య డబ్బా మూత తీయకుండా కూర్చున్నాడు.

"నెలాఖరుకి మానేస్తానే," అన్నాడు.

"ఇప్పుడేమొచ్చింది మావయ్యా?"

"రెండు రోజులుగా ఒక్కడు ఒక్క మేకు అడగలేదు. నాతో పని తీరిపోయింది కాబోలు. పొమ్మనేదాకా ఉండటం దేనికి, మర్యాదగా నేనే పోతాను."

రెండు రోజులంటే తను దారి మళ్లించిన సోమవారం నుంచే అని ఆమెకి తట్టింది. మావయ్య లేని ఫ్యాక్టరీలో ఒక్క రోజు కూడా తనకి కాలు నిలవదని ఆమెకి తెలుసు. చెయ్యి కడుక్కుని స్టోర్సు గదికి పరిగెత్తింది.

అక్కడి కంప్యూటరు ముసలిది. దాని బ్రౌజరుకి ఈ కాలపు తాళాలు తీయడం చేతకాదు. సర్వరు మళ్లించిన చోటికి వెళ్లి, తెల్లటి ఖాళీ పేజీ చూపించి ఊరుకుంది. నొక్కగానే నేరుగా మెయిళ్లు కనబడటం అలవాటైన మావయ్య, ఒక్కటీ రాలేదనే అనుకున్నాడు. ఎవరినైనా అడుగుదామంటే అభిమానం అడ్డొచ్చింది.

"తప్పు నాదే మావయ్యా," అని వెనకే వచ్చిన ఆయనతో చెప్పి, ఆమె తన బల్ల దగ్గరికి వెళ్లి, తెరిచిన దారి ఆ ఒక్క కంప్యూటరుకి మాత్రమే, అదీ ఫ్యాక్టరీ లోపలే పనిచేసేలా సరిచేసింది. మిగతావాళ్లందరికీ తాళం దారే.

తిరిగి వచ్చేసరికి మెయిళ్లు బిలబిలమంటూ దిగుతున్నాయి. మరలు లేక కుర్చీలన్నీ కాళ్లు లేకుండా కూర్చున్నాయని ఒకరు. జవాబివ్వవేం, కోపమొచ్చిందా అని ఇంకొకరు. నీ గది వైపు రావాలంటే భయంగా ఉంది, మేమేం తప్పు చేశాం మావయ్యా అని మరొకరు. ఆయన అన్నీ రెండేసి సార్లు చదువుకున్నాడు. ఆయన మొహం చూసి ఆమెకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

"కొత్త కంప్యూటరు తెప్పిస్తాను, అప్పుడు ఈ దారి కూడా మూసేస్తాను," అంది ఆమె. "అది వచ్చేది వచ్చే నెలలో. అప్పటికి నువ్వుండవేమో మరి."

"ఉండక ఎక్కడికి పోతాను?" అని కసిరాడు మావయ్య, రెండు వేళ్లతో టకటకా జవాబు కొడుతూ. "చూడు ఎంతమంది కాచుక్కూర్చున్నారో. ముందు నా అన్నం డబ్బా ఇటు పట్రా."