కత్తెరమ్మకు మిగిలిన మాట

1987 మార్చి పదిహేడవ తేదీ, మంగళవారం, పగలు పదకొండు గంటలు. సన్నని జల్లు. కోటుగుడ్డ చంకన పెట్టుకొని దర్జీ దుకాణం మెట్లెక్కుతున్న నాకు లోపలి తగవు వినవచ్చింది.

దుకాణం యజమానురాలిని వీధివారు కత్తెరమ్మ అనేవారు. క్రిందటి శీతకాలంలో పక్షవాతం వచ్చింది. కాలుసేతులు కోలుకొన్నాయిగాని మాట పోయింది. నోట మిగిలింది ఒక్కటే: “కాదు.” మంచినీళ్లు కావాలన్నా అదే, వద్దన్నా అదే.

తమ్ముడూ దర్జీయే. అక్కను ఇంట కూర్చోబెట్టి, ఆమె కత్తిరింపు బల్లను తాను స్వాధీనం చేసుకోవాలని వచ్చాడు. నన్ను చూసి సాక్షి దొరికినట్లు సంబరపడ్డాడు.

“మీరే చూడండి పెద్దాయనా. అక్కా, ఇదేంటి?” సుద్దముక్క చూపాడు.

“కాదు.”

“మరి ఇది?” కొలతల టేపు ఆడించాడు.

“కాదు.”

“విన్నారా? రేపు మీ కోటుకి మూడు చేతులు పెడితే నన్నడక్కండి!”

మూలన కాజాలు కుట్టే ముసలామె తలెత్తలేదు. “నువ్వు కుట్టుకుని తొడుక్కున్న కోటుకి రెండే చేతులు. ఒక్కటైనా పైకి లేస్తుందా నాయనా?”

“నీ సూది నువ్వు చూసుకో పిన్నీ! అక్కా, దీని పేరు చెప్పు, ఇప్పుడే వెళ్లిపోతా.” కత్తెర చాచాడు.

ఆమె దాన్ని అందుకొంది. తమ్ముణ్ణి భుజం పట్టి అటు తిప్పింది. కళ్లు మూసుకొని అతని వీపుమీద అరచేయి నడిపించి, గుడ్డ బిగిసినచోట ఆపింది. కరుక్కున చంక కుట్టు విప్పింది.

“అక్కా! కొత్త కోటే!”

“కాదు.”

కోటు చేతిని కొంచెం ముందుకు తిప్పి గుండుసూదులు గుచ్చింది. ఎక్కడ పొడుచుకొంటాయోనని అతడు కొయ్యబారిపోయాడు. ఆమె అతని మణికట్టు పట్టి పైకి లాగింది. చేయి చక్కగా పైకి లేచింది.

“మాట పోయిందిగాని పొగరు పోలేదే నీకు!” అన్నాడు, చేయి దించకుండానే.

ఆమె బల్లను ఆనుకొని నిలబడి, నా గుడ్డకోసం చేయి చాచింది.

నిప్పన్న మాట నేర్వకముందే పసిబిడ్డ వేడికి చేయి వెనక్కు తీసుకొంటుంది. పేరు తరువాత అంటించిన చీటీ. చీటీ ఊడినంతమాత్రాన వేడి చల్లారిందని తీర్పు చెప్పేవారితో నాకు నాటినుండి పొత్తు లేదు.

ఆమెకు మాట తిరిగి రాలేదు. 1996లో కన్నుమూసేవరకు బల్ల విడవలేదు. తమ్ముడు ఎదుటి వరుసలో వేరే దుకాణం పెట్టాడు. తన కోట్లకు చేతులు మాత్రం అక్కచేతనే కుట్టించుకొనేవాడు.