గోడవైపు వాటం

అత్తయ్య ఇండియా నుంచి టెక్సాస్‌లో మా ఊరు ఫ్రిస్కో వచ్చిన మూడో వారంలో డైనింగ్ టేబుల్ పైన సీలింగ్‌కి పసుపురంగు మచ్చ కనిపించింది. దానికి సరిగ్గా పైన ఆవిడ బాత్రూమ్. ఆవిడ మోకాళ్ల నొప్పుల కోసమే పాతది తీయించి, అంచు తక్కువగా ఉన్న టబ్బు పెట్టించి, చుట్టూ కొత్త టైల్స్ వేయించాం. పని చేసినాయన మన తెలుగాయనే. ఆ మొహమాటంతో పనయ్యాక ఒక్క ప్రశ్నయినా అడగకుండా టిఫిన్ పెట్టి పంపించాం.

మచ్చ ఫోటో పంపితే ఆయన ఫోన్ చేశాడు. "ఆంటీది బకెట్ స్నానమా అండీ? ఇక్కడి బాత్రూమ్‌లకి అది పడదండీ."

ఫోన్ స్పీకర్‌లో ఉంది. మా ఆయన నవ్వేసి, "అమ్మా, షవర్ అలవాటు చేసుకోవే" అన్నాడు. అత్తయ్య నవ్వలేదు.

మర్నాటి నుంచి ఆవిడ బాత్రూమ్‌లో నీళ్ల చప్పుడు లేదు. తడి తువ్వాలుతో ఒళ్లు తుడుచుకుని వచ్చేస్తోందని మూడు రోజులకు గానీ నాకు తెలియలేదు. శుక్రవారం తలస్నానం కూడా మానేసింది. అడిగితే చలిగా ఉందంది. బయట ఎండ మండిపోతోంది. 'ఆవిడ మా ఇంట్లో తప్పు చేసినదానిలా తిరుగుతోంది' అని డైరీలో రాసి, 'మా ఇంట్లో' అన్న మాటలు కొట్టేశాను.

మరుసటి రోజు టబ్బు కడుగుతుంటే అంచు మీద పడిన నీళ్లు గోడవైపు పోయాయి. మగ్గుతో మళ్లీ పోశాను. టబ్బులోకి రాకుండా టైల్స్ కిందికి ఇంకిపోయాయి. అత్తయ్యను పిలిచాను. గుమ్మం బయటే నిలబడి చూసింది.

"వాటం గోడవైపుందే అమ్మాయ్! మేం ఇల్లు కట్టుకున్నప్పుడు వాటం కుదరలేదని బాత్రూమ్ గచ్చు మూడుసార్లు తవ్వించాను. నన్ను చూస్తే మేస్త్రీ పారిపోయేవాడు."

"మరి ఆరోజే ఇది చూసి చెప్పలేకపోయారా అత్తయ్యా?"

"నా నీళ్ల వల్లేనేమో అనుకున్నాను. చూడాలని తోచలేదు."

రెండు రోజులకి టైల్స్ వేసినాయన సందులు పూడ్చే సిలికాన్ ట్యూబు ఒక్కటి పట్టుకుని వచ్చాడు. ఇలాంటప్పుడు నేను కాఫీ ఇచ్చి పక్కకు తప్పుకుంటాను, మాటలన్నీ మా ఆయనవే. ఆరోజు మాత్రం బాత్రూమ్‌లోకి నేనే ముందు నడిచాను.

"సిలికాన్ వద్దండీ. టబ్బు వాటం గోడవైపుంది." మగ్గు ఒంపి చూపించాను.

"వాటం..." అని ఆయన తల గోక్కున్నాడు. "ఆ మాట విని ఎన్నేళ్లయిందండీ! మా నాన్న మేస్త్రీయే. ఇది చూస్తే నా చెవి మెలేసేవాడు."

కారులోంచి వాటం చూసే లెవెల్ తెచ్చి అంచు మీద పెట్టాడు. బుడగ ఒక పక్కకు పోయి కూర్చుంది.

"అయితే బకెట్ వల్ల కాదు కదండీ?"

"కాదండీ. షవర్ చేసినా కారుద్ది."

"ఆ మాట కిందికెళ్లి ఆవిడతో చెప్పండి."

చెప్పాడు. అత్తయ్య చీర కుచ్చిళ్లు సర్దుకుంటూ అంతా విని, "సర్లే నాయనా, ఈసారన్నా సరిగ్గా పెట్టు. ఉప్మా తింటావా?" అంది.

కింది రెండు వరసల టైల్స్ ఊడదీస్తే వెనక గోడకున్న బోర్డు టీలో ముంచిన బిస్కెట్‌లా చేతికొచ్చేసింది. టబ్బు ఎత్తి సరిచేసి, కొత్త బోర్డు, టైల్స్ వేసేసరికి వారం పట్టింది. అన్నాళ్లూ అత్తయ్య గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుంది.

"ఆంటీ, మీరు అలా చూస్తుంటే నాకు చెయ్యాడట్లేదండీ."

"ఆడకపోయినా పర్లేదు, వంకరపోకుండా ఉంటే చాలు."

అంతా ఆరాక మొదటి స్నానం ఆవిడ చేస్తుందనుకున్నాను. గిన్నెలో కొబ్బరినూనె వెచ్చచేసి తెచ్చి, "జడ విప్పుకుని రా అమ్మాయ్" అంది. నన్ను టబ్బులో కూర్చోబెట్టి తలంటింది. కళ్లు గట్టిగా మూసుకున్నాను. ఒక బకెట్ అయిపోతే ఇంకోటి పట్టింది. కింద సీలింగ్ ఎలా ఉందని ఒక్కసారి కూడా అడగలేదు.