ఈగ ఫోటోకు టచింగ్

మా కాకర పాదుకు కాసిన కాయలు పదిహేను రోజులుగా కుళ్లి రాలిపోతున్నాయి. కాయల మీద వాలుతున్న ఒక ఈగను పట్టి కవరులో వ్యవసాయ ఆఫీసుకు పంపాను. అది తపాలా ముద్ర కింద నలిగిపోయిందనీ, ఫోటో తీయించి తెస్తే ఏ జాతి ఈగో చూసి మందు చెబుతామనీ జవాబు రాశారు. ఇంకో ఈగను అగ్గిపెట్టెలో పెట్టుకుని టేకులపల్లి స్టూడియోకు వెళ్లి, ఫోటో పెద్దదిగా తీయించాను.

ఈ రోజు ఆ ఫోటో తీసుకుని ఆఫీసుకు వెళ్లాను. ఆఫీసరు భూతద్దం పెట్టి చూసి, "రెక్కల మీద మచ్చలు ఏవమ్మా? జాతి చెప్పేది వాటిని బట్టే గదా" అన్నారు.

మళ్లీ స్టూడియోకు వెళ్లి అడిగాను.

"మచ్చలు నేనే తీసేసిన అక్కా. పెళ్లిచూపుల ఫోటోలకు గట్లనే చేస్తం. నెగెటివ్ మీద పెన్సిల్‌తోని టచింగ్ ఇచ్చి మొత్తం సాఫ్ జేసిన" అన్నాడు స్టూడియో అతను.

"ఈగకు సంబంధం చూస్తున్ననని నీకెవలు చెప్పిన్రు?"

"ఎవలు చెప్పలే. మంచిగ రావాలె అని మీరే అన్నరు గదా."

అన్న మాట నిజమే. ఈగ కూడా మంచిగానే వచ్చింది. ఇంటికి వచ్చేసరికి మరో రెండు కాయలు రాలి ఉన్నాయి.

ఉన్న మచ్చలను ఉన్నట్టే ఉంచే స్టూడియో మీకెవరికైనా తెలిస్తే చెప్పండి. ఈగను నేనే తెచ్చుకుంటాను.