బూజు పట్టిన మన్ను

మా అమ్మకి బూజంటే పడదు. పొడుగు కర్రకి చీపురు కట్టి ఎప్పుడూ తలుపు వెనక ఉంచేది. గోడ మూలనైనా, ఊరగాయ జాడీలోనైనా, తెల్లగా సన్నగా ఏం కనిపించినా ఆవిడకి బూజే.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొన్నేళ్లకి నాన్న ఉద్యోగం లక్డీకాపూల్‌కి మారి, మేం కృష్ణా జిల్లా నుంచి వచ్చి నాంపల్లి స్టేషన్ వెనక అద్దెకి దిగాం. పెరట్లో అమ్మ మొదట నాటింది కరివేపాకు పిలక, తన పుట్టింటి చెట్టుది. పదిహేను రోజుల్లో ఎండిపోయింది. మరుసటేడు తెచ్చిన రెండోదీ అంతే. "ఇది మట్టా, ఇటుకపొడా!" అని విసుక్కుంది. మా ఊరి నల్లమట్టిలో పుల్ల గుచ్చితే చిగురించేది. ఇక్కడ జానెడు తవ్వితే ఎర్ర మొరం, దాని కింద రాయి.

ఇంతలో తుఫానుకి పుట్టింటి చెట్టు కూలిపోయింది. దాని మొదట్లో మిగిలిన ఒక్క పిలకని మామయ్య మట్టిముద్దతో సహా తడిగుడ్డలో చుట్టి రైల్లో తెచ్చాడు. ఇది పోతే ఇక లేదు. అమ్మ మామయ్యకి కాఫీ ఇస్తూ కూడా పిలకనే చూస్తోంది.

మర్నాడు ఆదివారం. అబిడ్స్‌లో పేవ్‌మెంటు మీద పాత పుస్తకాలు చూడ్డానికి వెళ్లాను. నోరు విప్పి బేరమాడలేక, నచ్చినవాటిని అక్కడే నిలబడి చదివేసేదాన్ని. ఆ రోజు అట్ట ఊడిన వృక్షశాస్త్రం పుస్తకం దొరికింది. యుగాలుగా వానలు కడిగేసిన ముసలి నేలల్లో మొక్క ఎలా బతుకుతుందో అందులో ఉంది. ఎర్రమట్టిలోని ఇనుము, మిగిలిన కాస్త భాస్వరాన్నీ గట్టిగా పట్టుకుని వదలదట. కొన్ని మొక్కల వేళ్లు పులుపు ఊరించి దాన్ని కరిగించుకుంటాయి. చాలా మొక్కలు మాత్రం శిలీంధ్రంతో పొత్తు పెట్టుకుంటాయి. వెంట్రుకకన్నా సన్నని దాని పోగులు, వేరు దూరలేని సందుల్లోకి దూరి భాస్వరం తెచ్చి ఇస్తాయి. బదులుగా మొక్క వాటికి చక్కెర ఇస్తుంది. శిలీంధ్రమంటే బూజే కదా అనుకుని, నవ్వుకుంటూ ఇంటికొచ్చాను.

వచ్చేసరికి అమ్మ తొట్టి దగ్గర కూర్చుని పిలక వేళ్లు కడుగుతోంది. మట్టిముద్ద మొత్తం నీళ్లలో కరిగిపోయింది. మా ఇంటి ఓనరమ్మ, తరాలుగా ఇక్కడే ఉన్న ఇంటి మనిషి, నడుం మీద చేతులేసుకుని చూస్తోంది.

"ఏంది చెల్లె, మొక్కకు తానం పోస్తున్నవ్? పెండ్లికూతురా ఏంది?"

"బూజు పట్టిందండీ అక్కయ్యగారూ. రెండుసార్లూ ఇంతే, తెల్లగా దారాల్లా. కడిగి నాటినా బతకలేదు. అందుకే ఈసారి ఇంకా బాగా కడుగుతున్నా."

"అయ్యో, కడిగినవ్ గనకనే సచ్చినయ్! గీ మట్టి ముసల్ది, పండ్లూడినయ్ దీనికి. మా అత్తయితె పాత చెట్టు కింది మన్ను దోసెడు ఏసి నాటేది. ఎందుకని అడిగితె తిట్టేది. పో, మా చెట్టు కింద తెచ్చుకో."

ఓనరమ్మ కరివేపాకు చెట్టు బావి పక్కన ఉండేది. అమ్మ అక్కడికెళ్లి వంగి చూసింది. కుళ్లిన ఆకులు, వాటి మధ్య తెల్లటి పోగులు. చటుక్కున లేచింది.

"ఎందుకులెండి, మీకు శ్రమ."

ఎవరైనా వస్తే లోపలి గదిలోకి తప్పుకునేదాన్ని నేను. కానీ పిలక వేళ్లు బోసిగా, కడిగిన ముల్లంగిలా తెల్లగా వేలాడుతున్నాయి.

"అమ్మా, దానికి అన్నం పెట్టేది ఆ బూజే," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"ఔ మల్ల! గీ పిల్లకు నోరున్నదా?" అంది ఓనరమ్మ.

"ఎవరు చెప్పారే?" అంది అమ్మ.

"పుస్తకంలో ఉంది."

అమ్మకి అచ్చులో ఉన్నదంటే గౌరవం. "బూజు గురించి కూడా అచ్చేస్తారా?" అని, తట్ట నా చేతికిచ్చింది. తను మాత్రం ఆ మన్ను ముట్టుకోలేదు.

కంటికి కనిపించే ఆ పోగులు ఆకుల్ని కుళ్లబెట్టేవే అయ్యుండొచ్చు. వేళ్లకి తిండి మోసేవి ఇంకా సన్నం, కంటికి ఆనవు, అదే మన్నులో ఉంటాయి. ఈ సంగతి ఆ సాయంత్రం డైరీలో రాసుకున్నాను కానీ అమ్మకి చెప్పలేదు. చెబితే తట్టెడు మన్నూ ఏరి కడుగుతుందని భయం.

ఆ మన్ను వేసి నాటిన వారంలోపే పిలకకి ఉన్న ఆకులన్నీ రాలిపోయాయి. మూడు వారాలపాటు నా డైరీలో రోజూ ఒకే మాట: చిగురు లేదు. అమ్మ మాత్రం పొద్దున్నే బియ్యం కడుగు పోసి లోపలికొచ్చేది. ఒకరోజు లోపలికి రాలేదు. "ఇలా రా," అని గుసగుసగా పిలిచింది, నిద్రపోయే పిల్లని లేపేస్తామేమో అన్నట్టు. కాండం మొదట్లో బియ్యపుగింజంత ఎర్రటి చిగురు.

మూడేళ్ల తర్వాత ఓనరమ్మ కూతురు హిమాయత్‌నగర్‌లో కాపురం పెట్టింది. అమ్మ మా చెట్టు పిలక ఒకటి తవ్వి, మట్టిముద్ద చెదరకుండా గుడ్డలో చుట్టి ఇచ్చింది.

"చూడమ్మా, ఈ బూజు కడగకు. దానికి అన్నం పెట్టేది అదే. అచ్చులో ఉంది."

ఓనరమ్మ నా వంక చూసి నవ్వింది.

"మా అత్త తిట్లు గూడ అచ్చుల పడ్డయా బిడ్డా?"