బావగారు తేల్చని సిస్టమ్

బావగారి ప్రత్యేకత ఒక్కటే: ఆయన ఏదీ తేల్చరు. కళ్లద్దాల దుకాణం ఆయనది. "బాగుంది. ఆగండి, ఇంకోటి చూద్దాం" అంటూ ముక్కు మీద ఫ్రేముల మీద ఫ్రేములు మారుస్తుంటే, చూపు బాగున్నవాళ్లకు కూడా కళ్లు బైర్లు కమ్మేవి.

అలాంటి మనిషి ఇంటి ఫోటోలూ వీడియోలూ ఒకేచోట దాచే పెట్టె కొన్నారు. నాలుగు హార్డ్‌డిస్కులు బిగించారు. ఇక దానికి ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించాలట. ఆ పనికి బావమరిదిని పిలిచారు. పనిచేసే ఫోటో స్టూడియో మూతపడి, అతను గోళ్లు గిల్లుకుంటూ కూర్చున్న రోజులవి.

"నాకేం తెలుసు బావా? నేను ఫోటోలు దిద్దేవాణ్ణి!"

"నాకు మాత్రం తెలుసా? చదువుకుంటూ ఎక్కించు. ఇద్దరం చూద్దాం."

మొదటి ఆదివారం ఒకటి ఎక్కించాడు. ముచ్చెమటలు పోశాయి గానీ నడిచింది. బావగారు రెండు ఫోటోలు తెరిచి, "బ్రహ్మాండం. ఇంకోటి చూద్దాం" అన్నారు.

రెండోది, ఒక డిస్కు పోయినా ఫోటోలు పోనివ్వదట.

"ఏదీ, ఒకటి పీకు."

గుండె చిక్కబట్టుకుని పీకాడు. ఫోటోలు పోలేదు. "భేష్. ఇంకోటి చూద్దాం."

మూడోది మెమరీ చాలదంది. "మనిద్దరికీ లేనిది దానికెక్కణ్ణుంచి తెస్తాంరా?" అన్నారు. నాలుగోది ఎక్కాక, మొదటిదే నయమేమో అన్నారు. అలా పదకొండు ఆదివారాలు! ఏ సిస్టమ్ దేనికి మంచిదో బావమరిది నిద్రలో కూడా అప్పజెప్పేవాడు. ఈ ఇంటికి ఏది మంచిదో మాత్రం అంతుబట్టక తల తిరిగిపోయేది.

పన్నెండో ఆదివారం తిరగబడ్డాడు. "ఇవాళ తేల్చకపోతే మళ్లీ రాను బావా!"

"రేపు పదింటికి ఖాళీయేగా?" అన్నారు బావగారు. "నా దుకాణానికొచ్చే పళ్ల డాక్టరమ్మకి నాలుగు ఆసుపత్రులు. ఎక్స్‌రేలు భద్రంగా దాచిపెట్టే మనిషి కోసం వెతుకుతోంది. ఏ సిస్టమైనా ఎక్కించగలడు మా బావమరిది అని చెప్పేశా. ఉద్యోగం ఖాయం, వెళ్లి కుర్చీలో కూర్చోవడమే."

బావమరిది గిర్రున బావగారివైపు తిరిగాడు. తేల్చేశారా? ఈయనా?

వంటగదిలోంచి అక్క నవ్వింది. "పిచ్చి సన్నాసీ, మన ఫోటోలన్నీ రెండేళ్లుగా ఆ అలమారలో ఇంకో పెట్టెలో క్షేమంగానే ఉన్నాయిరా."

గబగబా వెళ్లి అలమార తెరిచాడు. నిజమే. చీరల మడతల వెనక ఆకుపచ్చ దీపంతో ఒక పెట్టె బుద్ధిగా నడుస్తోంది.

"మరి దీంట్లో ఏ సిస్టమ్ పెట్టారు బావా?"

బావగారు బుర్ర గోక్కున్నారు.

"ఏమోరా! నన్నడిగితే ఎలా? అది పెట్టింది మీ అక్క."